నల్లకోటు తొడగాలంటే...

ఒకప్పుడు ‘లా చదువుతా’ అంటే ఇంట్లోవాళ్లు ఎగాదిగా చూసేవారు. ఏ ఉద్యోగమూ దొరక్కపోతే చేరే చదువది అని తేల్చేసేవారు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు పిల్లలు ఇంటర్‌లో ఉండగానే లా కోచింగ్‌కి వెళ్తున్నారు. చిక్కల్లా ఎక్కడ చేరాలన్న దగ్గరే. అయిదేళ్ల కాలం, లక్షల్లో ఖర్చు... తొందరపడితే నష్టమే మరి!

ఏ దారి మంచిది?

ఇంటర్‌ తర్వాత అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ... రెంటిలో ఏది చదివినా న్యాయవాది కావొచ్చు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీటు కావాలంటే ‘క్లాట్‌’ రాయాలి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన నల్సార్‌, విశాఖలో 2008లో మొదలైన దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఈ కోవలోవే. ఢిల్లీ జాతీయ విశ్వవిద్యాలయానికి మాత్రం పరీక్ష వేరు. క్లాట్‌ ఇంగ్లిషులోనే ఉంటుంది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. తప్పు రాస్తే పావు మార్కు కోత!

ఇంగ్లిషంటే జంకే పిల్లలకు లాసెట్‌ ఉంది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ దీన్ని విడివిడిగా జరుపుతాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, తప్పు జవాబుకి కోత లేదు. ఉస్మానియా, ఆంధ్ర లాంటి విశ్వవిద్యాలయ కాలేజీల్లో ఫీజు జాతీయ సంస్థలతో పోలిస్తే చాలా తక్కువ.

భవనం చూసి మురిసిపోవద్దు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా అనుమతి. కాలేజీ పేరుకి ఉంటే చాలదు, మీరు చేరే కోర్సుకి, ఆ ఏడాదికి ఉందా లేదా అడగండి. అది లేకపోతే పట్టా చేతికొచ్చినా కోర్టు మెట్లెక్కే అర్హత రాదు. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీదీ అదే గతి. ‘క్లాసులకు రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం’ అన్నారంటే ఆ కాలేజీకో దండం పెట్టి వచ్చేయడం మేలు. నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలి.

అయిదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్‌ తప్పనిసరి. సీనియర్లు దాన్ని ఎక్కడ చేశారో, మూట్‌ కోర్టు నిజంగా జరుగుతుందో లేదో కనుక్కోండి. గ్రంథాలయం సాయంత్రం దాకా తెరిచి ఉంటుందా? పాఠాలు చెప్పే శాశ్వత అధ్యాపకులెందరు? ఈ సంగతులు బ్రోచర్‌లో దొరకవు. చివరి ఏడాది విద్యార్థుల్ని క్యాంటీన్‌లో పలకరిస్తే అన్నీ చెప్పేస్తారు.

పట్టా తర్వాత...

చదువు పూర్తయ్యాక రాష్ట్ర బార్‌ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆలిండియా బార్‌ పరీక్షా నెగ్గాలి. నమోదు రుసుము జనరల్‌ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జడ్జి కావాలనుకునేవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. జూనియర్‌ సివిల్‌ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని అదే కోర్టు 2025 మేలో స్పష్టం చేసింది.

సీనియర్‌ దగ్గర జూనియర్‌గా చేరినవారికి మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది అంతంతమాత్రమే. భారీ ఫీజుకి అప్పు చేస్తే వాయిదాలు మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. అందుకే ఏ కాలేజీ అన్నది ఖాయం చేసేముందు అయిదేళ్ల ఫీజుతోపాటు ఆ తర్వాతి మూడేళ్ల ఇంటిఖర్చూ ఒక కాగితం మీద రాసి చూసుకోండి.