ఇంటి చీటీతో పుట్టిన పాట

డెట్రాయిట్ నగరంలోని గోర్డీ కుటుంబానికి ఒక ఉమ్మడి నిధి ఉండేది. తలా పది డాలర్లు, నెలనెలా. తల్లి బెర్తా, తండ్రి బెర్రీల పేర్లు కలిపి దానికి ‘బెర్‌-బెర్రీ కో-ఆప్’ అని పేరు పెట్టుకున్నారు. మన చీటీల్లాంటిదే గానీ ఇందులో పాట ఉండదు. డబ్బు కావలసినవారు ఇంటిల్లిపాదినీ ఒప్పించాలి.

1959 జనవరిలో బెర్రీ గోర్డీ జూనియర్ సొంతంగా రికార్డు తీస్తానంటూ వెయ్యి డాలర్లు అడిగాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడోవాడు. వయసు 29. జాజ్ రికార్డుల కొట్టు పెట్టి మూసేశాడు, కార్ల ఫ్యాక్టరీలో చేరి మానేశాడు. ఇన్నాళ్లూ ఏం సాధించావని అక్క ఎస్తర్ నిలదీసింది. చివరికి ఎనిమిది వందలే ఇచ్చారు, అదీ నోటు రాయించుకుని. అమెరికాలో నల్లజాతీయులకు బ్యాంకు అప్పు దొరకడమే గగనమైన ఆ కాలంలో ఈ ఇంటి పెట్టుబడితోనే మోటౌన్ రికార్డుల సంస్థ మొదలైంది. డబ్బుతో పాటు ఆ అక్క అడిగిన ప్రశ్న కూడా ఆ సంస్థకు మూలధనమే.

తమలో తామే పెట్టుబడి కూర్చుకునే ఆ పద్ధతికి పాత వేర్లున్నాయి. జార్జియా నుంచి వలస వచ్చిన తండ్రి తన కిరాణా కొట్టుకు నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టుకున్నాడు. 1900లో బోస్టన్‌లో నల్లజాతి వ్యాపారుల జాతీయ సంఘాన్ని స్థాపించింది ఆ వాషింగ్టనే. 1912లో షికాగోలో జరిగిన ఆ సంఘం మహాసభలో మేడమ్ సి.జె. వాకర్‌కు వేదిక మీద చోటివ్వలేదు. ఒకప్పుడు బట్టలుతికి బతికి, జుట్టు సంరక్షణ సామగ్రి తయారీలో ఎదిగిన ఆమె సభలోంచే లేచి తన కథ చెప్పేసింది. మరుసటి ఏడాది ఆమెనే వక్తగా పిలిచారు. 1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్లతో ఆమె సొంతంగా జరిపిన సమావేశానికి రెండు వందల మందికి పైగా మహిళలు వచ్చారు.

ఇక మోటౌన్ కోసం బెర్రీ జూనియర్ కొన్నది డెట్రాయిట్ వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని 2648 నంబరు ఇల్లు. గ్యారేజీ స్టూడియో అయింది, గుమ్మం మీద ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ బోర్డు వెలిసింది. ఉత్త చట్రం ఒక కొసన బయలుదేరి రెండో కొసన కారై దిగడం అతను ఫ్యాక్టరీలో కళ్లారా చూసినవాడు. వీధిలోని కుర్రకారునూ అలాగే తీర్చిదిద్దాలనుకున్నాడు. నడక, మాటతీరు నేర్పడానికి మాక్సిన్ పవెల్, అడుగులు నేర్పడానికి చోలీ అట్కిన్స్ వచ్చారు.

శుక్రవారం ఉదయం కొత్త రికార్డుల మీద పంచాయితీ నడిచేది. ఆకలితో ఉన్నావు, చేతిలో ఆఖరి డాలరు ఉంది. ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా? అదీ పరీక్ష. ఆ వడపోత ఎప్పుడూ సరిగ్గానే పనిచేసిందనలేం. ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ను మార్విన్ గే పాడితే పక్కన పెట్టేశారు. 1968లో విడుదలయ్యాక అదే పాట ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఈ కుటుంబ కథలో నొచ్చుకున్నవారూ ఉన్నారు. పాటలకు ప్రాణం పోసిన ‘ఫంక్ బ్రదర్స్’ వాద్యకారుల పేర్లు ఏళ్ల తరబడి రికార్డు అట్టల మీదికి ఎక్కలేదు. 1972లో సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోతే వాళ్లలో చాలామంది డెట్రాయిట్‌లోనే మిగిలిపోయారు. అందరి చేతుల మీదుగా పెరిగిన సంస్థ, పక్కన వాయించిన చేతులను మరిచిపోవడం చిన్న తప్పు కాదు.

1988లో బెర్రీ కంపెనీని 6.1 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. ఎస్తర్ మాత్రం డెట్రాయిట్ వదల్లేదు. తొలినాళ్ల కాగితాలు, ఫొటోలు పోగుచేసి, 1985లోనే ఆ ఇంటిని మ్యూజియంగా మార్చింది. తమ్ముడికి వెయ్యి ఎందుకివ్వాలని నిలదీసిన అక్క ఆమే.