కాలు కోల్పోయినవారికి బరువు తగ్గించే ఆపరేషన్: లెక్క ఎక్కడ మారుతుంది?

మోకాలి కీలు దగ్గర ఒక కాలు తీసేసిన వ్యక్తిని ఊహించుకుందాం. పెట్టుడు కాలు పక్కన పెట్టి తూచితే బరువు 92 కిలోలు. ఎత్తు 165 సెంటీమీటర్లు. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఈ రెండు అంకెలూ వేస్తే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును అంచనా వేసే సంఖ్య) 33.8 అని చూపిస్తుంది. ఈ లెక్క తప్పు. ఎత్తేమో పూర్తి శరీరానిది. బరువేమో కాలు తగ్గిన శరీరానిది.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. మోకాలి కింది భాగం, పాదంతో కలిపి, శరీర బరువులో సుమారు 6 శాతం. తుంటి నుంచి కాలు మొత్తం సుమారు 16 శాతం. పాదం ఒక్కటే అయితే ఒకటిన్నర శాతం. చేయి మొత్తం 5 శాతం. పైన చెప్పిన వ్యక్తికి 6 శాతం శరీరం లేదు కాబట్టి, 92ను 0.94తో భాగించాలి. దాదాపు 98 కిలోలు వస్తుంది. ఆ బరువుతో బీఎంఐ కడితే 36 అవుతుంది. అదే 92 కిలోలు, అదే ఎత్తు ఉండి తుంటి దగ్గర కాలు మొత్తం పోయినవారికైతే 40 దాటుతుంది. కోత ఎంత కింద పడితే సవరణ అంత తక్కువ.

రెండు కాళ్లూ పోయినవారికి ఎత్తు కొలవడం కుదరదు. వారికి చేతులు రెండూ చాచి ఒక వేలి కొస నుంచి మరో వేలి కొస వరకు కొలుస్తారు. పాత రికార్డుల్లో ఎత్తు ఉంటే అదీ పనికొస్తుంది. నిలబడలేనివారిని చక్రాల కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేస్తారు. పెట్టుడు కాలుతో తూచారా, తీసి తూచారా అన్నది కూడా ప్రతిసారీ రాసి ఉంచాలి. మోకాలి పైన అమర్చే కాలు మూడు, నాలుగు కిలోలు ఉండవచ్చు. ఈ వారం దానితో, వచ్చే వారం అది లేకుండా తూచితే ఆ అంకెలకు అర్థం ఉండదు.

ఇంత చిన్న సవరణకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) ఎవరికి చేయవచ్చో మొదట తేల్చేది బీఎంఐయే. 2022లో ఈ రంగంలోని రెండు ప్రధాన అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు. ఆసియా ప్రజలకు ఆ గీత ఇంకా కింద, 27.5 దగ్గరే ఉంది. మన ఒంట్లో తక్కువ బరువుకే షుగర్, గుండె జబ్బులు మొదలవుతాయి కాబట్టి ఈ తేడా పెట్టారు. ఆరోగ్య బీమా లెక్క వేరు. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక నిబంధన ప్రకారం, ఊబకాయం ఆపరేషన్ ఖర్చు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, అదుపులో లేని షుగర్, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటి సమస్య తోడవాలి. మన ఉదాహరణలోని వ్యక్తికి షుగర్ అదుపులో లేదనుకుందాం. 33.8 అని రాస్తే దరఖాస్తు తిరస్కరిస్తారు. 36 అని రాస్తే పరిశీలిస్తారు. అందుకే డాక్టరు ఇచ్చే కాగితంలో తూచిన బరువు, పోయిన భాగం శాతం, సవరించిన బీఎంఐ మూడూ రాయించుకోవాలి.

ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవలసిన అవసరం పెరిగింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉన్నట్టు అంచనా కట్టింది. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గుతుంది. రక్తనాళాలు పూడుకుపోతాయి. చిన్న పుండు మానక ముదిరి చివరికి కాలు తీసేయాల్సి రావచ్చు. షుగర్, అధిక బరువు తరచూ కలిసే ఉంటాయి కాబట్టి, ఇలా కాలు పోయినవారిలో చాలామందికి కాలు పోకముందే బరువు సమస్య ఉంటుంది. రోడ్డు ప్రమాదాల్లో, రైలు ప్రమాదాల్లో కాలు పోయిన యువకుల సంగతి వేరు. వారికి బరువు తరువాత వస్తుంది.

ఎందుకు వస్తుంది? ఇక్కడ వినడానికి వింతగా తోచే విషయం ఒకటుంది. కృత్రిమ కాలితో నడవడానికి మామూలు నడక కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మోకాలి కింద కాలు పోయినవారికి ఈ అదనపు ఖర్చు సుమారు పావు వంతు నుంచి నలభై శాతం దాకా ఉంటుంది. మోకాలి పైన పోతే అంతకంటే చాలా ఎక్కువ, రక్తనాళాల జబ్బు కూడా ఉన్నవారిలో రెట్టింపుకు చేరవచ్చు. అలాంటప్పుడు వాళ్లు సన్నబడాలి కదా అనిపిస్తుంది. జరిగేది దానికి విరుద్ధం. ప్రతి అడుగూ అలసట కలిగిస్తుంది కాబట్టి మనిషి నెమ్మదిగా నడుస్తారు, తక్కువ నడుస్తారు. సంతకు వెళ్లే పని పిల్లలకు అప్పగిస్తారు. రోజు మొత్తం మీద చూస్తే ఖర్చయ్యే శక్తి తగ్గిపోతుంది. కంచంలో అన్నం మాత్రం తగ్గదు. దీనికి తోడు, లేని కాలిలో వచ్చే నొప్పికి (దీన్ని ఫాంటమ్ పెయిన్ అంటారు) వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు కొందరిలో బరువు పెంచుతాయి. బరువు పెరిగేకొద్దీ నడక ఇంకా కష్టమవుతుంది. ఆ వలయంలో ఉన్నవారిని ‘వ్యాయామం చేయండి’ అని పంపించేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. చేయాలని ఉన్నా శరీరం సహకరించని స్థితి అది.

ఆపరేషన్ ఆ వలయాన్ని తెంచగలదు. ఇందులో రెండు పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో మూడొంతులకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిని విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండింటిలోనూ తినగలిగే పరిమాణం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా ఆకలి సంకేతాలు మారతాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ముఖ్యంగా స్లీవ్ తరువాత. కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ–1 పెరుగుతుంది. షుగర్ చాలామందిలో బరువు బాగా తగ్గకముందే అదుపులోకి రావడం మొదలవుతుంది. అందుకే ఇన్సులిన్, షుగర్ మాత్రల మోతాదు ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే తగ్గించాల్సి వస్తుంది.

సగటున ఏడాది, ఏడాదిన్నరలో శరీర బరువులో పావు వంతు, బైపాస్‌లో అంతకంటే కొంచెం ఎక్కువ తగ్గుతుంది. మన ఉదాహరణలోని 92 కిలోల వ్యక్తి 70 కిలోల దగ్గరకు వస్తారు. రెండు కాళ్లూ ఉన్నవారికి ఇక్కడ కొత్త బట్టలు కుట్టించుకుంటే సరిపోతుంది. ఒక కాలే ఉన్నవారికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

కృత్రిమ కాలిలో శరీరాన్ని పట్టుకునే భాగం సాకెట్. కోత తరువాత మిగిలిన కాలిని, అంటే స్టంప్‌ను, ఈ గిన్నెలాంటి భాగంలోకి దించుతారు. దాన్ని ఆ మనిషి కొలతకే, స్టంప్ అచ్చు తీసి తయారుచేస్తారు. మోకాలి కింద కాలు పోయినవారికి మామూలు సాకెట్‌లో బరువు ఎముక కొస మీద పడదు. మోకాలి చిప్ప కింద ఉండే గట్టి స్నాయువు మీద, పిక్క పక్కల మీద పడేలా దాన్ని మలుస్తారు. ఆ చోట్లు బరువు ఓర్చుకుంటాయి. ఎముక కొస ఓర్చుకోదు.

బరువు తగ్గితే స్టంప్ కూడా చిక్కుతుంది. అప్పుడు అది సాకెట్‌లో ఉండాల్సినదానికంటే లోతుకు దిగుతుంది. బరువు పడాల్సిన చోట పడదు. ఎముక కొస సాకెట్ అడుగుకు ఆనుతుంది. వదులు చెప్పు మడమను ఒరిసినట్టు, ప్రతి అడుగుకూ చర్మం రాసుకుంటుంది. పెట్టుడు కాలు ఆ మేరకు పొట్టిదవుతుంది కాబట్టి నడుము ఒక పక్కకు వంగి నడుంనొప్పి పట్టుకుంటుంది. కొవ్వు కరిగిపోవడంతో ఇన్నాళ్లూ మెత్తగా ఉన్నచోట ఎముక గట్టిగా తగులుతుంది. మోకాలి పైన కోత ఉన్నవారికి తొడ చర్మం వేలాడి సాకెట్ అంచున మడత పడుతుంది. ఎండాకాలంలో ఆ మడతలో చెమట నిలిచి పొక్కులు, సెగ్గడ్డలు వస్తాయి. షుగర్ ఉన్నవారి స్టంప్ మీద పుండు పడితే మళ్లీ పైకి కోత పడే ప్రమాదం ఉంది. ఆరోగ్యం కోసం చేయించుకున్న ఆపరేషన్ అక్కడికి దారితీయకూడదు.

దీన్ని గమనించడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. స్టంప్‌కు తొడిగే మేజోళ్లు ఎన్ని పొరలు వేస్తున్నారో లెక్కపెట్టుకుంటే చాలు. నిన్న ఒకటితో బిగుతుగా ఉన్నది ఇవాళ మూడు అడుగుతోందంటే స్టంప్ తగ్గుతోంది. పొరలు పెరిగేకొద్దీ సాకెట్ లోపలి ఆకారం స్టంప్‌కు సరిపోకుండా పోతుంది. అప్పుడు మేజోళ్లు ఇంకా కలుపుతూ పోవడం సరికాదు. ప్రాస్థెటిస్ట్ (కృత్రిమ అవయవాలు తయారుచేసి అమర్చే నిపుణుడు) దగ్గరకు వెళ్లాలి. కార్బన్ పాదం వాడేవారికి ఇంకొక సంగతి. ఆ పాదాల గట్టిదనాన్ని మనిషి బరువును బట్టి ఎంచుతారు. బరువు ఇరవై కిలోలు తగ్గాక పాత పాదం చాలినంత వంగదు, నడక బిర్రబిగుస్తుంది.

ఈ కారణాల వల్ల ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే సర్జన్, ప్రాస్థెటిస్ట్ ఇద్దరూ కూర్చుని ఒక ప్రణాళిక వేసుకోవాలి. మన ఆసుపత్రుల్లో ఈ ఇద్దరూ కలవడం అరుదు. కలపవలసింది తరచూ రోగి, రోగి కుటుంబమే అవుతోంది. ఖరీదైన సాకెట్ ఆపరేషన్‌కు ముందు చేయించుకోవద్దు. బరువు వేగంగా తగ్గే మొదటి ఏడాది తాత్కాలిక సాకెట్‌తో, వీలైతే బిగించి వదులు చేసుకోగలిగే రకంతో గడపాలి. బరువు ఒకచోట నిలిచాక శాశ్వతమైనది చేయించుకోవాలి. కాలు తీసేసిన మొదటి ఏడాదిలో స్టంప్ తనంతట తానే కుదించుకుపోతుంటుంది. ఆ మార్పు, ఆపరేషన్ తెచ్చే మార్పు ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటే మేలు.

ఆసుపత్రిలో ఉండే రోజులకూ సిద్ధపడాలి. రక్తం గడ్డకట్టకుండా బేరియాట్రిక్ రోగులను ఆపరేషన్ రోజే లేపి నడిపిస్తారు. కానీ సెలైన్ ఎక్కించడం వల్ల స్టంప్ ఉబ్బి, పెట్టుడు కాలు ఎక్కకపోవచ్చు. స్టంప్‌కు వేసే బిగుతు బ్యాండేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చంక కర్రలతో లేవాలంటే పొట్ట కండరాల మీద ఒత్తిడి పడుతుంది, అక్కడే కుట్లు ఉంటాయి. మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం ఫిజియోథెరపిస్టు దగ్గర ముందే సాధన చేస్తే ఆ రోజు భయం ఉండదు.

ఇంటికి వచ్చాక మొదట ద్రవాలు: పల్చని మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన సూప్. తరువాత మెత్తని ఆహారం. కొన్ని వారాలకు మామూలు భోజనం, చాలా కొద్దిగా. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలి. మన భోజనంలో చిక్కు ఇక్కడే. ముందు అన్నం తింటే కడుపులో చోటు అయిపోతుంది. గుడ్డు, చేప, పనీర్, గట్టి పప్పు ముందు తినాలి, అన్నం చివర్లో రెండు ముద్దలు. ప్రోటీన్ చాలకపోతే కండ కరుగుతుంది. ఒక కాలి మీదా, చేతుల మీదా బతుకు నడుపుకునేవారికి కండ పోవడం అంటే మంచం మీద నుంచి సొంతంగా లేవలేకపోవడం.

మందుల్లో రెండు విషయాలు మరవకూడదు. స్టంప్ నొప్పికీ నడుంనొప్పికీ డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు అలవాటుగా వేసుకునేవారు చాలామంది. బైపాస్ తరువాత అవి కొత్త అతుకు దగ్గర పుండు చేసి రక్తస్రావం తెప్పించగలవు. పొగ తాగడమూ అదే పని చేస్తుంది. రెండోది విటమిన్ బి12. ఆపరేషన్ తరువాత దాన్ని శరీరం సరిగా పీల్చుకోదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని తగ్గిస్తుంది. బి12 లోపిస్తే కాళ్లలో మంట, తిమ్మిరి వస్తాయి. కాలు లేనివారు దాన్ని ఫాంటమ్ పెయిన్ అనో, షుగర్ వల్ల అనో అనుకుని ఊరుకుంటారు. రక్తపరీక్ష చేస్తే తేలిపోతుంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవాలి. బరువు మోయకపోవడం వల్ల స్టంప్ ఎముక ఆపరేషన్‌కు ముందే పలచబడి ఉంటుంది. ఆపరేషన్ తరువాత ఎముకలు మరికొంత బలహీనపడతాయి. జారిపడితే విరిగే అవకాశం మిగతావారి కంటే ఎక్కువ.

ఆపరేషన్ వద్దనుకుని బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఎంచుకునేవారూ ఇప్పుడు ఉన్నారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్‌కు వచ్చాయి. వాటితో బరువు తగ్గినా సాకెట్ సమస్య ఇదే. కడుపుకు కోత ఉండదు కానీ స్టంప్ చిక్కడం ఆగదు.

మిగిలింది కృత్రిమ కాలికయ్యే డబ్బు. జైపూర్ కాలు 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ చేతి పనితనం, డాక్టర్ పి.కె. సేథీ వైద్యజ్ఞానం కలిసి పుట్టింది. నేల మీద కూర్చునే, చెప్పులు లేకుండా నడిచే మన జీవితానికి సరిపోయేలా తయారైంది. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగా ఇస్తోంది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలోనూ కృత్రిమ అవయవాలు అమరుస్తారు. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద కూడా పొందవచ్చు. అయితే అడిప్‌లో పెద్దవారు ఒకసారి సహాయం పొందితే అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల దాకా పొందలేరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, ఎదుగుతారు కాబట్టి, ఆ గడువును ఏడాదికి కుదించారు. శరీరం మారితే కాలు మార్చాలన్న సూత్రాన్ని పథకం అక్కడ ఒప్పుకుంది. పెద్దల శరీరం ఆపరేషన్ వల్ల ఏడాదిలో అంతగా మారినప్పుడు అదే సూత్రం వర్తించాలి. నియమం మారేదాకా, ఆపరేషన్ నిర్ణయించుకున్నవారు పథకం కింద వచ్చే కాలును ముందే తీసుకోకుండా, బరువు నిలిచాక తీసుకునేలా దరఖాస్తు సమయం చూసుకోవాలి.