హిస్టరీ చెప్పని సంగతులు
కంప్యూటర్‌లో ఏం చూశారో తెలుస్తుంది, ఎందుకు చూశారో తెలియదు. భార్యాభర్తల మధ్య అనుమానం మొదలయ్యేది అక్కడే

రాత్రి పదకొండు దాటింది. భర్త నిద్రపోయాడు. కరెంటు బిల్లు కట్టేందుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న భార్య పొరపాటున హిస్టరీ పేజీ తెరిచింది. వ్యక్తిగత రుణాలు, గుండెపోటు లక్షణాలు, విడాకుల లాయర్లు... వారం రోజులుగా ఆయన వెతికినవన్నీ వరసగా కనిపించాయి. లాయరు చెల్లెలి కోసం కావచ్చు, జబ్బు ఆఫీసు మిత్రుడిది కావచ్చు. కానీ ఆమెకిక నిద్ర పట్టదు. అడిగితే దొంగచాటుగా చూశావంటాడు. అడగకపోతే మనసు ఊరుకోదు. కంప్యూటర్, స్మార్ట్‌ఫోన్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఎదురుకాగల పరిస్థితే ఇది.

ఏ సైటును ఏ వేళప్పుడు చూశారన్నదే బ్రౌజర్ దాచిపెడుతుంది. కారణం దానికి తెలియదు. ఆ ఖాళీని అనుమానం పూరిస్తుంది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

కోర్టు గడపలో

దాంపత్యంలో నిఘా వ్యవహారం న్యాయస్థానాలకు కొత్త కాదు. అమెరికాలో ఉండగా భార్య ఫోన్ సంభాషణలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసిన ఓ భర్త, విడాకుల కేసులో ఆ హార్డ్ డిస్క్‌ను సాక్ష్యంగా చూపబోయాడు. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని తిరస్కరించింది. తల్లిదండ్రులతో మాట్లాడే మాటల విషయంలో కూడా భార్యను నమ్మలేనప్పుడు ఇక వివాహ వ్యవస్థకు అర్థమేముందని నిలదీసింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. భార్య కాల్ రికార్డులను చాటుగా సంపాదించి తెచ్చిన భర్తకు 2024లో మద్రాస్ హైకోర్టు కూడా అడ్డుచెప్పింది.

అయితే 2025 జులై 14న సుప్రీంకోర్టు మరో కోణం చూపింది. పంజాబ్‌లోని బఠిండా నుంచి వచ్చిన విడాకుల కేసులో, భార్యతో తన సంభాషణలను భర్త రహస్యంగా చేసిన రికార్డింగులను సాక్ష్యంగా స్వీకరించవచ్చని తీర్పునిచ్చింది. దంపతులు ఒకరిపై ఒకరు నిఘా పెట్టేదాకా వచ్చిందంటే ఆ బంధం అప్పటికే బీటలు వారిందనడానికి అదే సూచన అని వ్యాఖ్యానించింది. అంటే సాక్ష్యం చెల్లుతుంది. కానీ అది చెల్లేది విడిపోయే చోట, కలిసి బతికే చోట కాదు.

చెరిపేస్తే తప్పేనా?

హిస్టరీ చెరిపేసిన ప్రతివారూ దోషులు కారు. గృహహింసకు గురవుతున్న మహిళ సాయం కోసం వెతికిన ఆనవాళ్లను దాచుకోవడం ఆమె ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. అందుకే బాధితులకు సాయపడే అనేక సైట్లలో ఒక్క నొక్కుతో పేజీ మాయమయ్యే బటన్ ఉంటుంది. ఇన్‌కాగ్నిటో కూడా పూర్తి ముసుగు కాదు. అది ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగల్చదు, అంతే. చూసిన సైటుకూ, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకీ ఆ రాకపోకలు తెలిసే అవకాశం ఉంది. ఇన్‌కాగ్నిటోపై అమెరికాలో 2020లో దాఖలైన కేసును పరిష్కరించుకునేందుకు, కోట్లాది బ్రౌజింగ్ రికార్డులను ధ్వంసం చేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది.

అలాగని దాచిన ప్రతిదీ గోప్యత కిందకు రాదు. ఆన్‌లైన్ రమ్మీలో ఇంటి డబ్బు తగలేస్తున్న భర్త అది తన సొంత విషయమనడం చెల్లదు. డబ్బుతో ఆడే ఈ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అప్పు తీర్చాల్సి వచ్చేది ఇద్దరూ కలిసే. అలాంటప్పుడు ఆ లెక్క ఇద్దరికీ తెలియాల్సిందే. ఎదుటివారి బతుకు మీద పడేది చెప్పి తీరాలి. తన మనసుకే పరిమితమైనది తనకే ఉండనివ్వాలి. గీత గీయాల్సింది అక్కడ.

పాస్‌వర్డ్ ఇష్టపడి ఇస్తే నమ్మకం, పట్టుబట్టి లాక్కుంటే పెత్తనం. మొబైల్ పాస్‌వర్డ్ చెప్పమని భార్యను భర్త బలవంతపెట్టరాదని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2025లో స్పష్టం చేసింది. ఇక ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఇల్లాలికి మిగిలిన దారి ఒక్కటే. మరో పేజీ తెరవకుండా, తెల్లారాక ఆయన్నే అడగడం. చూశానని ముందు తానే ఒప్పుకుంటే, ఆయన కూడా నిజం చెప్పడానికి దారి దొరుకుతుంది.