యంత్రమానవుని మార్జాలస్తుతి: లక్షణమును రసమును

గణములు సరిపోయి, ప్రాస కుదిరి, పదములు దోషరహితములై యున్నను పద్యము హృదయమును తాకకపోవచ్చును. మన ఆలంకారికులు చిరకాలము క్రిందటనే చర్చించిన యీ విషయమునకు వినోదకరమైన నిదర్శన మొకటి అమెరికా దేశపు వైజ్ఞానిక కల్పనా ధారావాహికయందు కలదు.

‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ అను నా ధారావాహిక 1987 నుండి 1994 వరకు టెలివిజన్‌లో ప్రసారమయ్యెను. 24వ శతాబ్దమున ‘ఎంటర్‌ప్రైజ్’ అను నౌకలో నక్షత్రముల నడుమ సంచరించువారి కథ యిది. వారిలో డేటా అనునతడు మానవాకృతిగల యంత్రము. అతని గణనశక్తి అపారము. భావావేశములు మాత్రము లేవు. అయినను మనుష్యునివలె కావలెనని అతని తపన. అందులకై చిత్రలేఖనము, వయొలిన్ వాదనము, నాటకము అభ్యసించును. అతడు పెంచుకొన్న పిల్లి పేరు స్పాట్.

1992 అక్టోబరులో ప్రసారమైన ‘స్కిజమ్స్’ అను భాగమున డేటా తోటివారిని సమావేశపరచి స్వీయ కవితాపఠనము గావించును. అందు ‘ఓడ్ టు స్పాట్’ అనునది ఆ పిల్లిని సంబోధించిన స్తుతిగీతము. ఆంగ్ల ఛందస్సున గణము ఊనికనుబట్టి ఏర్పడును. ఊనికలేని అక్షరము పిదప ఊనికగల అక్షరము వచ్చినచో అది యొక గణము. లఘువు పిదప గురువు వచ్చు మన ‘వ’గణముతో దీనిని పోల్చవచ్చును. ఇట్టి గణములను పంక్తికి 7 చొప్పున నిలిపి, రెండేసి పంక్తులకు అంత్యప్రాస కూర్చి డేటా పద్యము నల్లెను.

ఇక వస్తువు సంగతి. పిల్లిని ప్రాణిశాస్త్రములోని లాటిన్ నామముతో పిలుచుటతో పద్యము ప్రారంభమగును. పిమ్మట అది మాంసాహారి యనియు, చతుష్పాత్తనియు, దాని ఇంద్రియములు వేటకు తోడ్పడుననియు, తోక నడకకు నిలకడ నిచ్చుననియు వర్ణించును. అన్నియు సత్యములే, కాని లోకములోని యే పిల్లికైనను చెల్లు మాటలు. శ్రోతలు విసిగిరి. రైకర్ అను అధికారి కునికిపాట్లు పడెను. పిదప డేటా అభిప్రాయ మడుగగా, మిత్రుడైన జోర్డీ లఫోర్జ్ చమత్కారము కలదు గాని మనస్సు చలింపలేదని చెప్పెను. అతడు ఎగతాళి చేయలేదు, ముఖస్తుతియు చేయలేదు.

అయితే పద్యము ముగింపును గమనింపవలెను. తన మాటలు పిల్లికి బోధపడవని యెఱిగియు డేటా దానిని నేస్తముగా నెంచుకొనును. లోకములోని పిల్లులన్నియు తొలగి, అతడును స్పాటును మాత్రమే అచ్చట మిగులుదురు. 1994లో విడుదలైన ‘స్టార్ ట్రెక్: జెనరేషన్స్’ చలనచిత్రమున భావావేశములు పొందిన డేటా, కూలిన నౌకలో స్పాట్ సజీవముగా దొరకగా కన్నీరు కార్చును. ఆ కన్నీటికి బీజము ఈ ముగింపులోనే కలదని నా అభిప్రాయము.

అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించు మావంటివారికి ఈ ఘట్టము కేవలము హాస్యము కాదు. మన పిల్లలకు ఇంట తెలుగు. వీధిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో. అమ్మనుగూర్చి పద్యము వ్రాయుమన్నచో వారు నిఘంటువు నాశ్రయించి, వ్రేళ్లపై గణములు లెక్కించి, ఏ తల్లికైనను చెల్లు పద్యము వ్రాయుదురు. ఎఱ్ఱసిరాతో యతిభంగమును మాత్రమే దిద్దినచో వారు మరల కలము పట్టరు. ఊరక పొగడినచో నిఘంటువును విడువరు. లఫోర్జ్‌వలె ఉన్నమాట మృదువుగా చెప్పి, మీ అమ్మ నిన్ను ఏమని పిలుచును, ఏ మాటతో కోపపడును అని అడుగవలెను. అప్పుడు వచ్చు మాట నిఘంటువులో లేకపోవచ్చును. తరతరములుగా ఆ కుటుంబము పరరాష్ట్రమున కాపాడుకొన్న తెలుగు అదియే. దానిని పద్యములో చేర్చనిచ్చి, ఛందస్సును పిదప సవరింపవచ్చును.