పెట్రోలు ఆక్టేను సంఖ్య: మన బండికేది తగును?

హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములు కొండరాళ్లపై వెలసినవి. జూబిలీహిల్సు నిర్మాణమునకు మూలమొక సహకార గృహనిర్మాణ సంఘమే యగుట మనకు సంతోషకరము. రామానాయుడు స్టూడియో మున్నగు చిత్రశాలలకు వచ్చు విలువైన కార్లును, పల్లెలనుండి పోయిన మన పిల్లలు నడుపు అద్దెకార్లును ఆ యెత్తుపల్లములనే యెక్కి దిగుచుండును. పెట్రోలు బంకులో మాత్రము అద్దెబండివానికొక సందేహము కలుగును. 95, 100 అను పెద్ద యంకెల పెట్రోలు పోసిన బండికి బలము హెచ్చునా? ఆనాటి సంపాదన ఆనాటికే చాలనివాని కిది చిన్న ప్రశ్న కాదు. కావున దీనిని విచారింతము.

ఇంజనులో పెట్రోలావిరియు గాలియు కలిసి ముషలముచే కుదింపబడి, పిదప నిప్పురవ్వచే మండును. గడ్డివామికి ఒక కొనను నిప్పంటించిన మంట క్రమముగా రెండవ కొనకు ప్రాకును. ఆ మంట చేరకముందే రెండవ కొన తనంతట భగ్గుమన్న నెట్లుండును? ఇంజనులో నట్లు జరిగినపుడు టకటకమను చప్పుడు పుట్టును. దీనినే మెకానిక్కులు నాకింగు అందురు. ఇది బహుకాలము సాగిన ముషలము చెడును.

ఈ అకాలదహనమును పెట్రోలు ఎంతవరకు ఓర్చునో తెలుపునదే ఆక్టేను సంఖ్య. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100 అనియు, హెప్టేనునకు సున్న యనియు నిర్ణయించిరి. 91 అనగా, 91 పాళ్లు ఐసో ఆక్టేను, 9 పాళ్లు హెప్టేను గల మిశ్రమమంత ఓర్పు కలదని యర్థము. ఇది ఓర్పునకు కొలతయే గాని బలమునకు కాదు. అమెరికాలోని మన బంధువులు తమ బంకులలో 87 అని యున్నదని వ్రాసిన ఆశ్చర్యపడరాదు. అచ్చటి లెక్క వేఱు. ఆ 87 మన 91కి ఇంచుమించు సమానము.

ఎక్కువగా కుదించు ఇంజనులకు, టర్బో గల కొన్ని విలువైన కార్లకు హెచ్చు ఆక్టేను కావలయును. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరు 1వ తేదీన ప్రవేశపెట్టిన 100 ఆక్టేను పెట్రోలు అట్టివానికే. దాని ధర సాధారణపు పెట్రోలుకంటె చాల హెచ్చు. 91 చాలునని తయారీదారు చెప్పిన బండికి దానిని పోయుట, ఒక బస్తా ఎరువు చాలు మడికి రెండు బస్తాలు చల్లుటవంటిది. బండితో నిచ్చిన పుస్తకమునందును, తఱచుగా ట్యాంకు మూత లోపలి వైపునను వలసిన సంఖ్య వ్రాసియుండును. దానినే అనుసరింపవలయును. ఎత్తెక్కునపుడు చప్పుడు వచ్చిన, మొదట గేరు తగ్గింపుడు. అప్పటికిని మానకున్న, ఇంజనులో మసి పేరుకొన్నదేమో చూపింపుడు.

ఇందు కర్షకులకు మఱియొక సంబంధము కలదు. చెఱకు, మొక్కజొన్న, నూకలనుండి తీయు ఇథనాలునకు ఆక్టేను 108కి పైబడి యుండును. కేంద్ర పెట్రోలియము మంత్రిత్వశాఖ 2025లో తెలిపినట్లు, పూర్వము 88గా నున్న సాధారణపు పెట్రోలు సంఖ్య 91కి పెరిగి, 20 పాళ్లు ఇథనాలు కలియుటచే 95 అయినది. అనగా మన పొలముల పంటయే ఆ యంకెను పెంచినది. కాని ఇథనాలునందలి వేడిమి పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. ఇట్టి మిశ్రమమునకే సవరించిన కార్లలో మైలేజి 1, 2 శాతమును, ఇథనాలు లేని పెట్రోలునకై రూపొందించి 10 పాళ్లకు సవరించిన పాతకార్లలో 6, 7 శాతమును తగ్గునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసినది. పాతబండ్ల రబ్బరు గొట్టములను అప్పుడప్పుడు పరీక్షించుటయు మంచిది.

ఇథనాలు నీటిని పీల్చును. నీరు మితిమీరిన నది పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును. కావున మందుకొట్టు యంత్రములు, చిన్న పెట్రోలు పంపులు గల సభ్యులు పని ముగిసిన వెంటనే ట్యాంకులోని పెట్రోలును తీసివేసి, ఇంజను తనంతట ఆగువఱకు నడిపి భద్రపఱుపవలయును. డబ్బాల మూతలు బిగువుగా నుండవలయును. పెద్ద యంకెకు పోయు రూపాయలకంటె ఈ శ్రద్ధయే మన యంత్రములను ఎక్కువకాలము కాపాడును.