చేపల చెఱువునకు రాత్రికావలి

ఏలూరు కాలువ లాకులయొద్ద నీటిమట్టమును దెలుపు కొలతరాయి నెఱుఁగని రైతు మన సీమలో లేఁడు. నీరు గడియకొక తీరున హెచ్చుచు తగ్గుచుండినను, ఏర్పఱచిన గీటు దాటినప్పుడే లస్కరు తలుపులయొద్దకుఁ బోవును. ఈ పద్ధతియే నేఁడు గోరంత చిప్పులో నిమిడి చేపల చెఱువులను గాచుచున్నది. దానినిగూర్చి సంఘసభ్యులకుఁ దెలియఁజేయఁదలఁచితిమి.

1999లో అభయారణ్యముగాఁ బ్రకటింపఁబడిన కొల్లేటి హద్దునకు వెలుపల, కైకలూరు, ఆకివీడు ప్రాంతములందు శీలావతి, బొచ్చె మొదలగు చేపలను బెంచు రైతులకు వేకువజాము గండము తెలియనిది కాదు. పగటివేళ నీటిలోని పచ్చనాచు సూర్యరశ్మివలనఁ బ్రాణవాయువును బుట్టించును. రాత్రివేళ ఆ నాచును, చేపలును, అడుగు బురదలోని సూక్ష్మజీవులును దానిని వాడుకొనుటయే గాని పుట్టించుట లేదు. కావున తెల్లవాఱుటకు ముందు ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. మబ్బుపట్టిన దినము గడచిన వేకువ మఱింత యపాయకరము. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములున్నచోఁ జేపలకు సుఖము; 3కు దిగిన బాధ; 1కి దిగువను గంటలకొలఁది నిలిచినచో మరణము. ఒక్క రాత్రిలో ఏఁటి పెట్టుబడి యంతయుఁ దేలిపోవును.

నీటిలో ముంచిన కొలతకడ్డీ ప్రాణవాయువును బట్టి హెచ్చుతగ్గులగు సన్నని విద్యుత్తును పంపును. ఎడతెగక మాఱు నిట్టి సంకేతమునకు ఎనలాగ్ సంకేతమని పేరు. మైక్రోకంట్రోలరు అను చిప్పులోని యొక భాగము దానిని అంకెగా మార్చును. 12 బిట్ల చిప్పులో ఆ యంకె 0 మొదలు 4095 వఱకు నుండును. 20 మిల్లీగ్రాములకు 4095 అని యమర్చుకొన్నచో, 3 మిల్లీగ్రాములకు 614, 4 మిల్లీగ్రాములకు 819 వచ్చును.

ప్రతి కొలతను ప్రోగ్రామే పరిశీలింపవలసియున్నచో చిప్పు నిద్రలేక పనిచేయవలెను. బ్యాటరీయు త్వరగాఁ దీఱును. ఈ శ్రమను దప్పించునది డిజిటల్ కంపేరేటరు. ఇది ప్రోగ్రాము ప్రమేయము లేకయే ప్రతి యంకెను మనము పెట్టిన హద్దులతోఁ బోల్చి, హద్దు దాటినప్పుడు మాత్రమే ఇంటరప్టు అను పిలుపుతో ప్రోగ్రామును లేపును. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఎమ్.4.సి.123 చిప్పులో రెండు మార్పిడి భాగములును, ఒక్కొక్కదానికి 8 కంపేరేటర్లును గలవు. ఎస్.టి.ఎమ్.32 చిప్పులలో నిట్టి పనిచేయు భాగమునకు ఎనలాగ్ వాచ్‌డాగ్ అని పేరు.

హద్దులు రెండుండవలెను. ఏలయన, 614 ఒక్కటే పెట్టినచో, అంకె 613కును 615కును నడుమ నూఁగులాడినంతసేపు ఏరేటరు ఆగుచు తిరుగుచు మోటారు పాడగును. 614కు దిగినపుడు తిరిగి, 819 దాటినపుడే యాగునట్లు చేయవలెను. ఒక్క కొలతను నమ్మక, కొన్నింటి సరాసరిని దీసికొనుట మేలు.

ఇందొక మెలఁకువ కలదు. కంపేరేటరునకు అంకె తెలియును గాని నీరు తెలియదు. కడ్డీకి నాచు పట్టి అంకె 1000 యొద్ద నిలిచిపోయినచో, చేపలు నోళ్లు తెఱచి పైకి వచ్చినను గంట మ్రోఁగదు. కావలివాని మౌనము క్షేమమునకు గుఱుతు కాదు. కావున రైతులు ఈ క్రింది పనులను విడువరాదు. కడ్డీని వారమున కొకసారియైనఁ గడుగవలెను. సోడియం సల్ఫైటు కలిపిన పాత్రలోని నీట దానిని ముంచినచో అంకె సున్నకు సమీపించి గంట మ్రోఁగవలెను. మ్రోఁగనిచో యంత్రమును నమ్మరాదు. పరీక్ష ముగిసినపిదప కడ్డీని మంచినీటఁ గడిగియే చెఱువున దింపవలెను. రాత్రియంతయు అంకె కదలకున్నచో వేఱొక గంట మ్రోఁగునట్లు ప్రోగ్రాములో వ్రాయింపవలెను. కరెంటు పోయినను మ్రోఁగుటకు గంటకు బ్యాటరీ యుండవలెను.

పరీక్షా ద్రవ్యములను, చేతి కొలతపెట్టెను ఒక్కొక్కరుగాఁ గొనుటకంటె సంఘముగాఁ గొనుట చౌక. తాడేపల్లిగూడెమున 2015లో నేర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట్ల చదువుకొను మన పిల్లలను హద్దు లెక్కడ వ్రాసియున్నవో చూపుమని యడుగవలెను. హద్దును నిర్ణయింపవలసినది చెఱువు నెఱిఁగిన రైతే గాని, పెట్టె నమ్మిన వర్తకుఁడు గాఁడు.