ఇదేమి తెలుగు?

ధారావి చాళ్లలోను, కామాఠిపుర సందులలోను పెరిగిన మన పిల్లలు ఇతర జిల్లాల తెలుగువారి నడుమ నోరు విప్పినప్పుడు వినవలసివచ్చు మాట ఒకటి కలదు: "ఇదేమి తెలుగు?" దవాఖాన, నల్లా, ఖోలీ అను మాటలు చెవిని పడగానే కొందరు నవ్వుదురు. ఆ నవ్వునకు నొచ్చుకొని పిల్లవాడు తెలుగు మాటలాడుటయే మానుకొనును. అసలు నష్టము అదియే. కావున ఆ మాటల పుట్టుకను కొంచెము విచారింతము.

'దవా' అనగా మందు. అది అరబ్బీ పదము. 'ఖానా' అనగా ఇల్లు, అది పారసీకము. నిజాము రాజ్యమున ఉర్దూ పాలనా భాషగా నుండుటచే దవాఖాన తెలంగాణమున ఇంటింటి మాట యయ్యెను. నవ్వెడివారు వాడు 'ఆసుపత్రి' మాత్రము ఎచ్చటిది? ఐరోపా నుండి వచ్చినది. 'వైద్యశాల' సంస్కృతము. మూడింటిలో అచ్చతెనుగు ఒక్కటియు లేదు! ఆ మాటకు వచ్చిన, మనమందరము వ్రాయు కాగితము, పట్టు కలము, ఇచ్చు జవాబు కూడ అరబ్బీ పారసీకముల నుండి వచ్చినవే.

నల్లా అను మాట హిందీ, మరాఠీలలోని 'నల్'కు సంబంధించినది. కోస్తావారి కుళాయికి తమిళమున గొట్టమను అర్థముగల 'కుళాయ్' చుట్టము. ఒకటి ఉత్తరపు దారిని, ఒకటి దక్షిణపు దారిని వచ్చినవి. రెంటను పారునది నీరే. గదిని ఖోలీ యనుట పొరుగున నున్న మరాఠీవారితో కలిసి బ్రతికినందుకు గురుతు.

కొన్ని మాటలు నవ్వెడివారి మాటలకంటె పాతవి. రాయలసీమవారు గేదెను ఎనుము అందురు. తమిళమున ఎరుమై, కన్నడమున ఎమ్మె దాని తోబుట్టువులు.

ఇక 'కామాఠి' అని ఎగతాళి చేయువారు కలరు. 18వ శతాబ్ది చివరి నుండి తెలంగాణ ప్రాంతము విడిచి వచ్చి, ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసిన కూలీలకు వచ్చిన పేరది. వారు కాపురమున్న చోటు కామాఠిపురమైనది. చెమటోడ్చిన పేరునకు సిగ్గుపడ నేల?

అయితే విద్యార్థులు ఒకటి గమనింపవలెను. పరీక్షలో పాఠ్యగ్రంథపు భాష వ్రాయవలెను. అది దేశమంతట తెలుగువారికి ఉమ్మడి బాట. ఇంట నాయనమ్మతో నాయనమ్మ మాటలే ఆడవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాడుక భాషకై పోరాడిరి.

తల్లిదండ్రులకు ఒక మనవి: మీ ఊరి మాటలను పిల్లలయెదుట దాచకుడు. పిల్లలారా! ఈ సెలవులలో పెద్దలనడిగి అట్టి మాటలు ఇరువది వ్రాసి తెండు.